ఒంటిని ఎండబెడతానన్న ఆయన

మందుల గురించి మా గూడెం లైబ్రరీలో పుస్తకాలున్నాయి గానీ, వాటిని మింగే మనుషుల గురించి ఒక్కటీ దొరకలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఏలూరు ఆసుపత్రిలో హెచ్‌ఐవీ మందులు ఇవ్వడం మొదలుపెట్టిన కొత్తలో, నెలనెలా మాత్రల కోసం నేను నిలబడే వరుసలో నా ముందు కైకలూరు చేపల చెరువుల ఆయన ఉండేవారు. సెల్‌ఫోను నీళ్ళలో పడినా, బావమరిదితో తగువొచ్చినా ఆయన మాట ఒకటే: "కొన్నాళ్ళు ఎండబెట్టేద్దామండీ."

ఒకసారి బాగా కోలుకుని వచ్చారు. "పంటకీ పంటకీ మధ్య చెరువు ఎండబెట్టినట్టు, ఓ నెల మాత్రలు ఆపి ఒంటిని ఎండబెడతానండీ," అన్నారు.

నాకు భయమేసింది. ఆ మాత్రలు పనిచేయకపోతే అప్పట్లో ఏలూరులో మాకు వేరే మందు లేదు. చదివిందంతా చెప్పాను. ఈ వైరస్ ఒక్క ఒంట్లోనే రకరకాలుగా మారిపోతుందని, మందు మధ్యలో ఆపితే దానికి లొంగని రకం మిగిలి పెరుగుతుందని వివరించాను. ఆయన మర్యాదగా ఆవులించారు.

పక్కనున్న ఆయన భార్య అందుకున్నారు. "ఏవండీ, నిరుడు చెరువు పూర్తిగా ఎండకుండానే చేపపిల్లల్ని వదిలారుగా. ఏమైందో ఈయనకి చెప్పండి."

"బురదలో కొర్రమేను ఉండిపోయిందండీ," అని గొణిగారాయన. "పిల్లలన్నిటినీ తినేసింది."

"ఈ ఏడు ఒంట్లో పెంచుతారా?"

ఆయన మాత్ర తీసి, నీళ్ళు లేకుండానే మింగేశారు. ఆ తర్వాత వరుసలో కొత్తగా చేరినవాళ్ళందరికీ కొర్రమేను పాఠం ఆయనే చెప్పేవారు.

పుస్తకాలు వెతికిచ్చిన లైబ్రేరియన్ సత్యవతి గారికి, చిత్తుప్రతి చదివిన మరియమ్మ గారికి, చెరువుల సంగతులు సరిచూసిన కలిదిండి ఏసుబాబుకి కృతజ్ఞతలు. వరుసలో నా ముందు నిలబడిన ఆయన పేరూ రాయమంటారా అని ఆయన్నే అడిగాను.

"నాదొద్దండీ. ఎండబెట్టేయండి."