నిన్నటి నీళ్లు

ఇరవై ఏళ్లు దాటింది, ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నాకు సంతకం ఒక్కటే వచ్చు. నేను చెబుతుంటే మా చెల్లెలి కోడలు రాస్తోంది. చదివే మీరెవరో తెలియదు. ఈ పిల్లకు తప్ప తెలిసినవాళ్లెవరికీ చెప్పలేను.

మాదాపూర్‌లో బండలు పగలగొట్టి అద్దాల ఆఫీసులు కడుతున్న రోజులవి. మా ఆయన ఒక ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ. కొత్తగూడలో ఒక్క గది కిరాయికి ఉండేవాళ్లం. ఆ ఆఫీసులో ఒక సారు బదిలీ మీద పోతూ తన గాజు తొట్టి, అందులోని రెండు బంగారు చేపలు ఈయనకు ఇచ్చేశాడు. మామూలు చేపలు కావు. ఉబ్బిన పొట్ట, ఓణీ కొంగులా ఊగే తోక, తల మీద మెత్తటి బుడిపె.

ఊరికే వచ్చాయనుకున్నాం. గాలి బుడగల మోటారు చూసి ఇంటి ఓనరమ్మ కరెంటుకు వేరే డబ్బు అడిగింది. మేత పొట్లం మా కందిపప్పుకన్నా ప్రియం. అన్నిటికన్నా బరువైంది నీళ్లు. నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. అందులో చేపలకు పడని బ్లీచింగ్ ఉంటుందని, ఆ నీళ్లను ఒక రోజంతా బకెట్‌లో నిలవ ఉంచాకే చేపలకు పొయ్యాలని సారు చెప్పాడట. లైన్లో కొట్లాడి తెచ్చిన నీళ్లు మూలన ఊరికే కూర్చునేవి. నేను ఒక్క చెంబుతో గిన్నెలన్నీ కడుక్కునేదాన్ని.

"పెండ్లాంకన్న చేపలకే మర్యాద ఎక్కువైంది" అనేదాన్ని.

"అవి నీ లెక్క నోరు చేసుకోవు గదనే" అని నవ్వేవాడు.

ఆయనకో ఆశ పుట్టింది. కొత్తగా వచ్చే ఆఫీసుల వాళ్లు ఇళ్లలో చేపలు పెంచుకుంటారు, చౌరస్తాలో చిన్న దుకాణం పెడితే గేటు దగ్గర నిలబడే బతుకు తప్పుతుంది అనేవాడు. ముందు ఈ రెండింటినీ బతికించడం నేర్చుకోవాలి. అంతే ఆయన లెక్క.

ఎండాకాలం. ఒకరోజు పొద్దున నల్లా రాలేదు. తలంతా చెమటతో జిగటగా ఉంది. మూలనున్న బకెట్ చూశాను. ఆ నీళ్లన్నీ తలకు పోసుకున్నాను. సాయంత్రం నల్లా వస్తే అదే బకెట్ నింపి, అదే మూలన పెట్టాను. ఆయన డ్యూటీ నుంచి వచ్చాడు. తొట్టి పచ్చబడిందని పాత నీళ్లు చాలావరకు తోడేసి, బకెట్ ఎత్తి ఆగాడు.

"ఇవి నిన్నటి నీళ్లేనానే?"

"నిన్నటివే."

"బ్లీచింగ్ వాసన వస్తుందేంది మరి?"

"ఇంట్ల బండలు ఫినాయిల్‌తోని కడిగిన. గదే వాసన."

తన ముక్కును కాదని నా మాట నమ్మాడు. పోశాడు.

తెలియక చేశానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. తెలియకపోతే ఫినాయిల్ మాట ఎలా నోటికొచ్చింది? చావాలని కోరుకున్నానా? లేదు. కానీ తెల్లారి రెండూ వెల్లకిలా తేలినప్పుడు, ఇక బకెట్ నాదే అనుకున్నాను. ముందుగా వచ్చిన తలపు అదే.

ఆయన వాటిని తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. "నా చేతుల ప్రాణం నిలువదే" అన్నాడు. దుకాణం మాట మళ్లీ ఎత్తలేదు. తొట్టిని పాత సామాన్ల వాడికి ఇచ్చేశాడు. వేరే గేటు, ఇంకో గేటు, మోకాళ్లు వాచేదాకా అలా నిలబడుతూనే ఉన్నాడు. మొదట్లో తిడతాడని చెప్పలేదు. తర్వాత, దుకాణం పోయింది నా వల్లే అంటాడని చెప్పలేదు. ఆ తర్వాత? ఏ భయమూ లేదు. చెప్పకపోవడం అలవాటైపోయింది.

చివరిసారి దవాఖానకు తీసుకుపోయినప్పుడు, ఆ హాల్లో పెద్ద చేపల తొట్టి ఉంది. అందరూ దాన్నే చూస్తున్నారు. ఆయన ఒక్కసారి చూసి గోడవైపు తిరిగాడు. పక్కనే కూర్చున్నాను, చెయ్యి పట్టుకునే ఉన్నాను. ఒక్క మాట అంటే సరిపోయేది. మందుల చీటీ ఎక్కడ పెట్టావని అడిగాను. వారం తిరగకముందే పోయాడు.

నన్ను ఎవరు క్షమించాలి? క్షమించాల్సినవాడు అసలు సంగతి తెలియకుండానే పోయాడు.

మా చెల్లెలి కోడలు రాయడం ఆపి నన్నే చూస్తోంది. "ఫినాయిల్ సంగతి కొట్టేయాల్నా అత్తమ్మా?" అంటోంది.

వద్దు, ఉండనియ్యి అన్నాను. ఇంకోసారి పైకి చదవమన్నాను.