చిలకను హంస చేసిన మా ఆయన

మా ఆయన జగన్నాథం బతుకులో చేసిన పెద్ద ప్రయాణం మా ఊరు టేర్ రూజ్ నుంచి పది మైళ్ళ అవతలి మోకాకి. అదీ ఎవరిదో పెళ్ళికి, ఎద్దుబండిమీద. దారిలో రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. అలాంటి మనిషి తొమ్మిది నవలలు రాశాడు. తొమ్మిదింటిలోనూ ఓడలు, తుఫానులు, సముద్రపు దొంగలు, ఆ దొంగల మధ్యనుంచి రాకుమార్తెల్ని ఎత్తుకొచ్చే వీరులు.

పగలు ఆయనకు పోర్ట్ లూయిస్ రేవులో పని. ఏ తోటవాళ్ళ చక్కెర సంచిమీద ఆ తోట గుర్తు నల్లరంగుతో వెయ్యాలి. పొద్దున రైల్లో వెళ్ళి సాయంత్రం రైల్లో వచ్చేవాడు. మధ్యాహ్నం అన్నం తినే వేళకి ఓడవాళ్ళ దగ్గర చేరేవాడు. తుఫానులో తెరచాప చిరిగితే చప్పుడు ఎలా వస్తుంది, సూరత్‌లో ఆడవాళ్ళు ఏం కట్టుకుంటారు, ఇవీ ఆయన ప్రశ్నలు. వాళ్ళు నోటికొచ్చింది చెప్పేవాళ్ళు. ఈయన చేతికొచ్చినట్టు రాసుకునేవాడు.

నాలాగే ఆయనా ఈ దీవిలోనే పుట్టాడు. తెలుగుదేశం చూసిన మొహం కాదు. ఆయన నవలలో గోలకొండ కోట బురుజు ఎక్కితే సముద్రం కనిపిస్తుంది. ఇక్కడ ఏ గుట్ట ఎక్కినా కనిపిస్తుంది మరి. మద్రాసు నుంచి వచ్చిన ఓడవాడొకడు, గోలకొండకు సముద్రం రోజుల తరబడి దూరమని చెప్పాడట. మా ఆయన నమ్మలేదు. వాడు సరిగ్గా చూసి ఉండడని తేల్చేశాడు.

ఆయన రైల్లో కూర్చుని, ఆ కుదుపుల్లో పెన్సిలుతో రాసేవాడు. ఆ రాత ఆయనకే అర్థమయ్యేది కాదు. పెళ్ళయిన ఏడాదిలో నాకు అక్షరాలు నేర్పించాడు. నామీద ప్రేమతో అనుకుని మురిసిపోయాను. రెండో ఏడు తెలిసింది, నవలలకు మంచి ప్రతి రాసిపెట్టే మనిషి కావాలని. అయినా కష్టంగా తోచలేదు. మధ్యాహ్నం ఇంటిపని అయ్యాక గుమ్మంలో కూర్చుని ఆయన గీతల్ని గుండ్రటి అక్షరాలుగా మార్చడం నాకు ఇష్టంగానే ఉండేది. ఆదివారం మధ్యాహ్నం భజన మందిరంలో ఆ పుస్తకం పట్టుకుని ఆయన చదువుతుంటే ముప్పై నలభైమంది చెవి కోసుకునేవాళ్ళు. మా పక్కింటి రంగమ్మ వారమంతా నా ప్రాణం తినేది.

“ఏం బాలమ్మా, ఆ పిల్ల సముద్దరంలో పడిందే, బతుకుద్దా? నాకొక్కదానికి చెప్పవే.”

చెప్పేదాన్ని కాదు. గుట్టు దాచగలనని నాకు అప్పట్లో చాలా నమ్మకం.

ఇక అంకమ్మత్త సంగతి చెప్పాలి. ఆమె నాకు రక్తబంధువు కాదు. మా నాన్న అప్పయ్య వచ్చిన ఓడలోనే వచ్చింది. ఊరంతా ఆమెను అప్పయ్య తోడబుట్టినదే అనుకునేది. టేర్ రూజ్‌లో తెలుగువాళ్ళ ఇళ్ళన్నిటికీ ఆమే మంత్రసాని. ఏ బిడ్డ పెళ్ళయిన ఎన్ని నెలలకు పుట్టిందో, ఏ పిల్ల ఎందుకు ఏడ్చిందో అన్నీ ఆమె కడుపులోనే ఉండేవి. ఒక్క మాట బయటికి పొక్కేది కాదు. ఆమె కుడిచేతిమీద మోచేతి కింద ఒక పచ్చబొట్టు. రెండు చిలకలు. ఒకటి నిండుగా ముక్కూ రెక్కా తోకా అన్నీ ఉన్న చిలక. రెండోది ఉత్త గీత. సూదికి భయపడి మధ్యలో లేచి పారిపోయానని నవ్వుతూ చెప్పేది. ఆమె చేతుల్లో పుట్టిన ప్రతి బిడ్డా మొదట చూసింది ఆ చిలకల్నే అని మేం వేళాకోళం చేసేవాళ్ళం.

1912లో మా నాన్న పోయాడు. పదకొండో రోజు తరవాత ఏటి దగ్గర ఆయన బట్టలు ఉతుకుతూ అత్త నాకు అసలు సంగతి చెప్పింది.

కోరంగి దగ్గర పల్లెలో ఆమెకు మొగుడున్నాడు. తాగి కొట్టేవాడు. పంతొమ్మిదో ఏట ఒక పడవమనిషిని నమ్ముకుని, వాడితో ఈ దీవికి వచ్చే ఓడ ఎక్కేసింది. ఓడలో పచ్చబొట్లు వేసే ఎరుకలామె ఉంటే ఇద్దరి గుర్తుగా జంట చిలకలు వేయించుకుంది. రెండో చిలక గీత గీసి, నింపేలోగా పోర్ట్ లూయిస్ వచ్చేసింది. కూలీల పేర్లు రాసుకునే డిపోలో, మాట మార్చి చెప్పే దుబాసీ వాడిని అడిగాడు, ఈమె నీ భార్యేనా అని. వాడు ఆమె మొహం చూసి, “ఈవిడెవరో నాకు తెల్వదు” అన్నాడు. ఎందుకన్నాడో ఆమెకు ఇప్పటికీ తెలియదట. వెనక వరసలో నిలబడ్డ మా నాన్న ముందుకొచ్చి, “నా చెల్లెలు బాబూ, నాతో రాసుకోండి” అన్నాడు.

“మీ అయ్య ముప్పై ఏళ్ళు నోరిప్పలా,” అంది అత్త, చొక్కా పిండుతూ. “ఇప్పుడాయన ల్యాడు. ఎవురో ఒకరికన్నా తెలియాల గదమ్మీ. నీకు చెప్పుకున్నా.”

మా నాన్న ముప్పై ఏళ్ళు దాచింది నేను మూడు నెలలు దాచలేకపోయాను.

ఆ సమయంలో మా ఆయన నవల ఆగిపోయింది. గోలకొండ నవాబుల కాలం కథ. కనకాంగి అనే రాకుమార్తె వలందా దేశపు తెల్లవాళ్ళ ఓడెక్కింది. ఎక్కి అక్కడే ఉండిపోయింది. ఎనిమిది వారాలు ఆదివారం చదవడానికి ఏమీ లేదు. మనిషి అన్నం సరిగ్గా తినడం మానేశాడు. సంచులమీద ఒక తోట గుర్తు బదులు ఇంకో తోట గుర్తు వేసి తిట్లు తిన్నాడు. ఒక ఆదివారం నా పక్కన కూర్చుని కందికాయలు ఒలుస్తూ, “నావల్ల కాదు బాలా, నాకు ఏం తెలుసని రాస్తాను, నేను ఓడెక్కిందెప్పుడు?” అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ మొహం చూడలేకపోయాను. ఓడెక్కిన మనిషి మన ఇంటికి నాలుగు గడపల అవతలే ఉందని అనేశాను. అన్నాక ఆగలేకపోయాను. ముందు నా తలమీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాను. కథకోసం కాదు, నీకు చెబుతున్నాను అని మరీ మరీ అన్నాను. ఆయన బుద్ధిగా తలూపాడు. మర్నాటినుంచి ఆయనకు ఆకలి బాగా వేసింది.

రెండు వారాలకి నా చేతికి కొత్త కాగితాలొచ్చాయి. మామూలుగా గుమ్మంలో కూర్చుని రాస్తున్నాను. కనకాంగి ఓడలో ఒక వృద్ధురాలి చేత పచ్చబొట్టు పొడిపించుకుంటోంది. జంట హంసలు. ఒకటి నిండింది, రెండోది గీతగానే మిగిలింది. నా చెయ్యి ఆగిపోయింది. ఆయన రైలు దిగి వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను.

“ఒట్టేశావు గదయ్యా! నా తలమీద ఒట్టేశావు!”

“పేరు మార్చాను. ఊరు మార్చాను. రెండువందల ఏళ్ళు వెనక్కి తోశాను,” అన్నాడు, కాళ్ళు కడుక్కుంటూ. “చిలకను హంస చేశాను. ఇంకేం కావాలి?”

“గుడ్డోడు కూడా పోల్చుకుంటాడు. తీసెయ్.”

“ఎవరూ పోల్చుకోరు. అయినా నేనేమన్నా పరువు తీశానా? ఆమెను రాణిని చేశాను బాలా! చివర చూడు, ఎంత గొప్పగా రాశానో.”

ఏడ్చాను. అన్నం వండనన్నాను. చివరికి ఆయన చిరాకుపడి, “సరే, నీ ఇష్టం వచ్చినట్టు రాసుకో. రాసేదానివి నువ్వే కదా,” అన్నాడు. ఆ మాట పట్టుకున్నాను. హంసలున్న చోటల్లా ఉంగరం అని రాశాను. కనకాంగి వేలికి సగం చెక్కిన ఉంగరం. బాగా లేకపోతే లేకపోయింది, అత్త చెయ్యి అత్తకే ఉంటుంది అనుకున్నాను. ఆ శనివారం హాయిగా నిద్రపట్టింది.

ఆదివారం మందిరం నిండిపోయింది. ఎనిమిది వారాల ఆకలి మరి. అంకమ్మత్త ఎప్పటిలా ముందు వరసలో, స్తంభానికి ఆనుకుని కూర్చుంది. నేను ఆమె పక్కన. ఆయన గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు. ఓడ కదిలింది, గాలి లేచింది, జనం ఊపిరి బిగబట్టారు. ఉంగరం దగ్గరికి వచ్చాడు. ఒక్క క్షణం ఆగాడు. నావంక చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను, వద్దు వద్దు అని. ఆయన పుస్తకం మూసి పక్కన పెట్టాడు.

“రాయడంలో పొరపాటొచ్చింది. ఉంగరం కాదు,” అని కళ్ళు మూసుకుని నోటితోనే చెప్పడం మొదలెట్టాడు. హంసలు చెప్పాడు. నిండిన హంస, నిండని హంస. తన చేతిమీదే మోచేతి కింద వేలితో గీసి చూపించాడు.

నోరు జారిందని తరవాత చాలాసార్లు అన్నాడు. నోరు జారితే వేలు ఎందుకు గీసిందో చెప్పలేదు.

ఒక్కొక్క తలా అత్తవైపు తిరిగింది. అత్త మెల్లగా పైట లాగి చెయ్యి కప్పుకుంది. అప్పటికి వాళ్ళది అనుమానమే. కథ రాసేవాడు చేతిమీది పచ్చబొట్టు చూసి వాడుకున్నాడని సరిపెట్టుకునేవాళ్ళేమో. అత్త కదలకుండా కూర్చుంది. మా ఆయనకు ఇవేమీ కనిపించడం లేదు. ఓడ రేవు చేరింది. రేవు అధికారి వీరుణ్ణి అడిగాడు, ఈమె ఎవరు అని. మా ఆయన గొంతు వణికింది. నిజంగానే వణికింది, అది నటన కాదు. “వీరుడు ఆమె చేయి పట్టుకుని, ఈమె నా ప్రాణము, ఈమె లేక నేను లేను, అని పలికెను.” ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు.

“అబద్ధం,” అంది అంకమ్మత్త.

లేచి నిలబడింది. గొంతు పెద్దదేమీ కాదు.

“అట్టా అన్లా వాడు. ఈవిడెవరో నాకు తెల్వదు అన్నాడు. చెయ్యి గూడా పట్టుకోలా.”

ఆమె మా ఆయనవైపు చూడనేలేదు. నావైపు చూసింది. ఎంతసేపు చూసిందో నాకు తెలియదు. తరవాత చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆమె ఇంటికి పరుగెత్తాను. కాళ్ళమీద పడ్డాను. నేనే చెప్పాను అత్తా అన్నాను.

“తెలుసు. నీకు తప్పితే ఎవురికి చెప్పినా నేను?” అంది. “లే అమ్మీ. టీ తాగు.”

టీ పోసింది. మేక ఈనిందని చెప్పింది. వాన పడేటట్టుందని చెప్పింది. తిడుతుందేమోనని ఎదురుచూస్తూ కూర్చున్నాను. తిట్టలేదు.

ఊరు మాత్రం ఊరుకోలేదు. కాన్పు వస్తే ఆమెనే పిలిచేవాళ్ళు, ఆమెకన్నా చెయ్యి తిరిగిన మనిషి లేదు కనక. బిడ్డ బయటపడ్డాక మాత్రం వంటింట్లో గుసగుసలు. రంగమ్మ అయితే లాబుటిక్ కొట్లో ఉప్పు కొంటూ నలుగురిముందే అంది, “బోన్ద్యే, దేవుడా! ఎవురో పా కోనే, తెల్వదు అనేశాడంట మొగోడు! అప్పయ్య చెల్లెలంట!” పిల్లలు ఆమెను హంసమ్మ అనడం మొదలుపెట్టారు. వాళ్ళందరికీ బొడ్డు కోసింది ఆమే.

మా ఆయనకు పేరొచ్చింది. ఆ పుస్తకం చేతులు మారి మారి పోర్ట్ లూయిస్ దాకా వెళ్ళింది. కథలో అంత నిజం ఎలా వచ్చిందని ఎవరో అడిగారట. ఆ మాట ఇంటికొచ్చి నాకు సంతోషంగా చెప్పాడు. ఆయన చెడ్డవాడు కాదు. అదే నా ఖర్మ. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఆయన దృష్టిలో అత్తకు మంచే చేశాడు. ఆ పడవమనిషి అనకుండా వదిలేసిన మాట తాను అనిపించాడు. ఆ మాట ఆమెకు అక్కర్లేదని ఎంత చెప్పినా ఎక్కలేదు. అప్పటినుంచి ఆయనకు నేను ఒక్క అక్షరం రాసిపెట్టలేదు. ఆ ఇంట్లోనే ఉన్నాను, ఆ వంటే వండాను, నా సంగతులు చెప్పడం మానేశాను. ఆయన చాలాకాలం గమనించనే లేదు.

అత్త దగ్గరికి వారం వారం వెళ్ళేదాన్ని. ఏడేళ్ళు. పొమ్మనలేదు ఎప్పుడూ. టీ ఇచ్చేది, మేక సంగతీ వాన సంగతీ చెప్పేది, నా పిల్లలకు తల దువ్వేది. ఇంక వెళ్తానంటే మంచిదమ్మీ అనేది.

ఒకరోజు చేపలు పట్టుకునే మార్సెల్ మా గుమ్మంలోకి వచ్చాడు. వాడి ఇల్లు అత్త ఇంటి వెనకే. “మీ తాంతీన్, మీ అత్త, మలాద్ బాలమ్మా, చాలా జబ్బు,” అన్నాడు. “ఏడాదినుంచి కడుపు పట్టుకుని నడుస్తోంది. మీకు తెలుసనుకున్నా.”

వెళ్ళేసరికి చాపమీద పడుకుని ఉంది. కడుపులో కుడివైపు గట్టిగా గడ్డ చేతికి తగిలింది. ఊళ్ళో ప్రతి కడుపూ తడిమిన మనిషి, తన కడుపులో ఏముందో ఆమెకు తెలియకపోదు. మొన్న గురువారం కూడా నేను ఆమె ఎదురుగా కూర్చుని టీ తాగాను.

“నాకెందుకు చెప్పలేదత్తా?” అన్నాను.

కొంచెంసేపు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, సరైన జవాబు ఇవ్వాలన్నట్టు.

“చెప్పుకోడం మానేసినా గదమ్మీ,” అంది.

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది. నాలుగురోజులు పక్కనే కూర్చున్నాను. ఎక్కడ నొప్పిగా ఉందత్తా అని అడిగినప్పుడల్లా ఏం లేదు అనేది. పోయేదాకా అదే చెప్పింది.