బొంత మూలలో గట్టిగా తగిలేది

“వద్దంటె వద్దు. నువ్వు రిగ్గు మీదికి పోవుడు అయ్యే ముచ్చట కాదు.”

“నువ్వు పోలేదా అమ్మా? నువ్వు పోతె కొలువు, నేను పోతె తప్పా?”

“నేను పోయి ఏం పోగొట్టుకున్ననో నీకేం తెలుసు? రేపు నీకు పిల్లలు పుడితె అప్పుడు తెలుస్తది.”

“పెండ్లే కాలె, అప్పుడే పిల్లలా? ముందుగాల పిలగాన్నన్న చూడు మరి!”

“నవ్వకు. నువ్వు చిన్నగున్నప్పుడు నేను ఎడారిల కూసోని నీ కోసం ఏడ్సిన. నువ్వు ఇక్కడ ఒక్కనాడన్న నన్ను యాది చేసినవా? మీ నానమ్మనే అడుగు. నీ పిల్లలు గూడ నిన్ను గట్లనే మర్సిపోతరు. ఆ బాధ నీకు వద్దంటున్న.”

“నాకైతె యాది లేదు గని... ఏం నానమ్మా, నేను అమ్మ కోసం ఏడ్వనే లేదా?”

ఇద్దరూ నా వైపు తిరిగారు. నా కోడలు సునీత, నా మనవరాలు శ్రావణి. నా ఒళ్లో చాట ఉంది, చాటలో కందిపప్పు. నేను రాళ్లు ఏరుతున్నాను. ఆ పప్పులో రాళ్లు లేవు. పొద్దున్నే రెండుసార్లు ఏరాను. అయినా తల ఎత్తలేదు. “పొయ్యి మీద పాలు పొంగుతున్నట్టున్నయి, చూడుండ్రి” అన్నాను.

పాలవాడు ఇంకా రానేలేదు.

ఇరవై ఏళ్లుగా నేను మోస్తున్న బరువు ఆ ఒక్క ప్రశ్నకు జవాబు. ఏడ్చిందా, ఏడ్వలేదా? ఒక్క మాట. నా నోట్లోంచి అది రాలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కరలేదు. అందుకే మీతో చెప్పుకోవడం తేలిక. నేను నాలుగో తరగతి దాకే చదివాను, అక్షరం తప్పు పోతే సర్దుకోండి. తప్పుల సంగతికొస్తే, అంతకంటే పెద్దదే చెప్పబోతున్నాను.

మాది జహీరాబాద్. మా వీధిలో నన్ను పిసినారి అంటారు. ఎదురుగా అనరు, నాకు భయపడతారు. నేను చాయ్‌పత్త రెండుసార్లు మరిగిస్తాను. పాల ప్యాకెట్లు కడిగి ఆరేసి కూరగాయలకు వాడతాను. నూనె దగ్గర మరీ గట్టిదాన్ని. పల్లినూనె సీసా నా చేతిలోనే ఉంటుంది, అందులోంచి చెంచాతో తప్ప బయటికి రాదు. ఇలాంటి ఇంటికి, భూమిలోంచి పీపాలకు పీపాలు నూనె తీయించే ఇంజినీరు కోడలుగా వచ్చింది. దేవుడికి ఎగతాళి ఎక్కువ.

సునీతది ఝరాసంగం దగ్గర పల్లె. వాళ్ల నాయన జొన్నలూ కందులూ పండించి కూతుర్ని ఇంజినీరింగు చదివించాడు. శ్రావణి పుట్టిన మరుసటి ఏడాది సునీతకు ఒమాన్ దేశంలో కొలువు వచ్చింది. ఎడారిలో నూనె బావులు తవ్వే రిగ్గు మీద. ఆరు వారాలు అక్కడ, మూడు వారాలు ఇక్కడ. బావి తవ్వుతుంటే పైనుంచి లోపలికి బురద పంపుతూ ఉండాలట. ఆ బురద సరిగ్గా కలపడమే దాని పని. “ఇంత సదువు సదివి బురద కలుపుడా?” అన్నాను. “జొన్న అంబలి కలిపినట్టే అత్తమ్మా. చిక్కగైతె పైపుల పోదు, పల్చగైతె బావిల ఉన్న గ్యాసు ఎగదన్నుకొస్తది, మంది సస్తరు” అని నవ్వుతూ చెప్పింది. అంతమంది మగవాళ్లలో ఆడమనిషి అదొక్కతే. మొదట్లో దాని మాట ఎవరూ వినేవారు కాదట. ఒకసారి అది ఆపమన్నప్పుడు ఆపకపోతే బురద పొంగి పెద్దసారు బూట్లు నిండాయట. ఆ తర్వాత అందరూ విన్నారు. ఇప్పుడు మస్కట్‌లో ఆఫీసులో కూర్చుని, ఏ బావిలో ఏ బురద పోయాలో అదే చెబుతుంది. నాకు గర్వమే. దానితో ఎప్పుడూ అనలేదు. అది వేరే తప్పు, ఇవాళ దాని జోలికి పోను.

నా కొడుకు అప్పుడు షోలాపూర్ దగ్గర చక్కెర మిల్లులో పనిచేసేవాడు. ఆదివారాలకు వచ్చేవాడు. మిగతా రోజులు ఇంట్లో నేనూ, పిల్లా.

సునీత మొదటిసారి వెళ్లినప్పుడు పిల్ల ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తినలేదు. నా చంక దిగలేదు. వాకిట్లో ఆటో చప్పుడైతే చాలు, “అమ్మ” అని ఉరికేది. ఆటో దాటిపోతే నేల మీద పడి పొర్లేది. శుక్రవారం అక్కడ సెలవు. మధ్యాహ్నం గోడకున్న ఫోను మోగింది. సునీత గొంతు అప్పటికే వణుకుతోంది. “అత్తమ్మా, శ్రావణి నన్ను అడుగుతుందా?” అంది.

ఏం చెప్పాలి? అడుగుతోంది, ఏడుస్తోంది, జ్వరం కూడా తగిలింది అని చెబితే మరునాటి విమానానికి వచ్చేస్తుంది. మళ్లీ పోదు. వాళ్ల నాయన పడ్డ కష్టమంతా ఎడారిలో కలిసిపోతుంది. “అడుగుతలేదు బిడ్డా. మంచిగ ఆడుకుంటుంది. నీకేం ఫికర్ వద్దు” అన్నాను.

ఆ మొదటి శుక్రవారం అబద్ధానికి నేను సిగ్గుపడను. ఇప్పుడైనా అదే చెబుతాను.

మరి రెండో శుక్రవారం? ఆ తర్వాతవి? అప్పటికి సునీత గొంతు గట్టిపడింది, నిజం చెప్పినా తట్టుకునేది. ఒక్క నిజం చాలు, “నిన్న అమ్మా అని పిలిచింది” అని ఒక్క ముక్క, ఆ ఎండలో ఆరు వారాలు దాన్ని నమిలి బతికేది. నేను ఇవ్వలేదు. చెంచాడు కూడా ఇవ్వలేదు. “అడిగిందా అత్తమ్మా?” “లేదు.” ఆ “లేదు” అన్నప్పుడల్లా నా నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టుండేది. ఎందుకు? పిల్ల నాది అనిపించేదా? నేను చేయలేని పని అది చేస్తోందని కడుపుమంటా? నాలుగో తరగతిలో నన్ను బడి మాన్పించినప్పుడు చదువుకో పొమ్మన్నవాళ్లు ఎవరూ లేరు. ఇది పోతానంటే ఇల్లంతా పొమ్మంది, నాతో సహా. ఆ పొమ్మన్నందుకు కూలి ఇట్లా వసూలు చేసుకున్నానా? తెలియదు. అన్నీ కొంచెం కొంచెం ఉండి ఉంటాయి.

అంతటితో ఆగినా బాగుండేది. డాంగ్రీ సంగతి ఉంది.

డాంగ్రీ అంటే రిగ్గు మీద వేసుకునే బట్ట. మెడ నుంచి మడమ దాకా ఒకటే కుట్టు, ముందర పొడుగాటి జిప్పు. నారింజ రంగు. ఒక సెలవుకు వచ్చినప్పుడు సునీత తన మొదటి డాంగ్రీ ఇంట్లో వదిలి వెళ్లింది. ఎన్నిసార్లు ఉతికినా డీజిలు వాసన పోలేదు. అది వెళ్లిన వారానికి, ఒక సాయంత్రం పిల్ల ఏడుస్తూ ఏడుస్తూ ఆ బట్ట మీద పడి, ముక్కు దానికి ఆనించి, జిప్పు కొస పిడికిట్లో పట్టుకుని నిద్రపోయింది. వారం నుంచి సరిగ్గా పడుకోని పిల్ల!

అప్పటి నుంచి ఆ డాంగ్రీ లేనిదే నిద్ర లేదు. వీధిలోకీ ఈడ్చుకుపోయేది. పక్కింటావిడ చూసి, “అయ్యో, అమ్మ అంగీ ఇడుస్తలేదు చూడు పాపం” అంది. సెలవుకు వచ్చిన సునీత ఇది చూస్తే? నా శుక్రవారాలన్నీ బయటపడవూ?

పారేయలేను. పిల్ల పడుకోదు. అదీగాక గట్టి బట్ట, పారేయడానికి నాకు చేతులు రావు. అందుకని బొంత కుట్టాను. మా ఇళ్లలో పాత చీరలన్నీ పొరలు పొరలుగా పరిచి కుట్టేదే బొంత. నా చీరల మధ్యలో డాంగ్రీని చింపకుండా పరిచి కుట్టేశాను. ఆ బట్ట ఎంత మొండిదంటే రెండు దబ్బనాలు విరిగాయి. జిప్పు కొస ఒక మూలకు వచ్చేలా చూశాను. పిల్ల ఆ మూల తడుముకుని, పట్టుకుని పడుకుంది.

సునీత వచ్చింది. రెండో రోజు అడిగింది.

“అత్తమ్మా, నా డాంగ్రీ ఏడున్నది? మొదటిది. పేరు కుట్టి ఉంటది సూడు.”

“అదా? కోసిన. గిన్నెలు దించనీకె గుడ్డలు చేసిన.”

“కోసినవా?”

“మందం బట్ట. ఊకె పెట్టుకుంటె ఏమొస్తది?”

సునీత పకపకా నవ్వింది. “నిన్ను మా రిగ్గు మీదికి తోల్కపోవాలె అత్తమ్మా. కంపిని ఖర్చు సగమైతది” అంది. అది అంత తొందరగా నమ్మడానికి నా పిసినారితనమే సాక్ష్యం. నవ్వుతూనే దొడ్లోకి వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు మొహం కడుక్కుని వచ్చింది. ఎండాకాలం కదా అనుకున్నాను. ఎండాకాలం కాదు.

ఆ మూడు వారాలూ అది ఆ బొంత మీదే పిల్ల పక్కన పడుకుంది. తన డాంగ్రీ మీదే పడుకుని లేచింది, తెలియకుండా. పిల్లేమో తల్లిని చూసి కొత్త చేసి నా కొంగు చాటుకు వచ్చేది. పిల్లలందరూ అంతే చేస్తారు. సునీతకు మాత్రం అది నా మాటకు రుజువైపోయింది.

శ్రావణి ఆరో తరగతికి వచ్చాక నా కొడుకు కూడా మస్కట్‌లో పని చూసుకున్నాడు, పిల్లను తీసుకుని వెళ్లాడు. ఏటా సెలవులకు వస్తారు, ఈసారి తల్లీ కూతుళ్లే వచ్చారు. బొంత మీద కొత్త చీర వేసి కుడుతూ వచ్చాను. ఇప్పుడది పరుపంత అయింది. శ్రావణికి మంచం మీద అదే కావాలి. “నానమ్మా, ఈ మూలకు గట్టిగ ఏముంది?” అంటుంది. “ముడి పడ్డది” అంటాను. ఆ ముడే పట్టుకుని పడుకుంటుంది, ఇంత పెద్దపిల్ల.

ఇప్పుడు అదీ ఇంజినీరైంది. తల్లి తొక్కిన ఎడారిలోనే కొలువు వచ్చింది. తల్లి వద్దంటోంది. నా అబద్ధం నా దగ్గరే పడి ఉంటే ఎలాగో మోసుకునేదాన్ని. అది లేచి వెళ్లి నా మనవరాలి దారికి అడ్డం కూర్చుంది. పప్పు ఏరుతూ అదే ఆలోచించాను. చెబితే సునీత నా మొహం చూస్తుందా? చూడకపోతే ఏం చేయాలి? ఇరవై ఏళ్లు నేను దాన్ని పస్తు పెట్టాను, అది నన్ను కొన్నాళ్లు పెడితే పెట్టనీ. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. చెబుదామనుకున్నందుకే అంత నిద్ర పడితే, ఇన్నేళ్లు ఎందుకు మేలుకున్నట్టు?

మరునాడు పొద్దున శ్రావణి లేవగానే బొంత తెచ్చి వాకిట్లో పరిచాను. ఇద్దర్నీ పిలిచి కూర్చోబెట్టాను. కత్తెరతో కుట్లు విప్పడం మొదలుపెట్టాను. దారం మంచిదే, పుల్లకు చుట్టుకుంటూ విప్పాను. చెబుతూ విప్పాను, విప్పుతూ చెప్పాను. శుక్రవారాలన్నీ చెప్పాను. బెల్లం సంగతీ చెప్పాను. ఆఖరి చీర పొర తీసేసరికి నారింజ రంగు కనిపించింది. చీకట్లో ఉన్న బట్ట కదా, రంగు పోలేదు. ఛాతీ మీద సునీత పేరు. జిప్పు కొస మాత్రం అరిగి నున్నగా ఉంది.

సునీత దాన్ని ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. “ఎన్నిసార్లు ఏడ్సింది?” అంది.

“నువ్వు పోయినప్పుడల్ల.”

సునీత లేచి లోపలికి వెళ్లింది. దాని కోసం పెట్టిన చాయ్ చల్లారింది. నేనే తాగాను. నన్ను మాఫ్ చేయమని అడగలేదు. అది చేశానని అనలేదు.

శ్రావణి డాంగ్రీ తొడుక్కుంది. సరిగ్గా సరిపోయింది. వాకిట్లో అటూ ఇటూ నడిచి, చేతులు మోచేతుల దాకా మడుచుకుంది. సునీత గడపలోకి వచ్చి నిలబడి చూసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“చేతులు మడువకు. రిగ్గు మీద చేతులు మడిస్తె లోపలికి రానియ్యరు” అంది.

శ్రావణి చేతులు దించుకుంది. సునీత దగ్గరికి వచ్చి జిప్పు పట్టుకుని పైకి లాగింది. సగం దాకా వచ్చి ఆగింది. రెండుసార్లు గుంజింది. రాలేదు.

“అత్తమ్మా, జర నూనె ఇయ్యి” అంది, నా వైపు చూడకుండా.

నేను లోపలికి వెళ్లి పల్లినూనె సీసా తీశాను. చెంచా కోసం చూసి, వద్దనుకుని, సీసా తెచ్చి దాని చేతికిచ్చాను.