రాగి గుండిగలో విమానం పెట్రోలు

తాండూరులో నాపరాళ్లు తోలే చంద్రప్పకు సొంత లారీ ఉంది, దాన్ని మించిన పంతమూ ఉంది. పంపకాలప్పుడు అన్న జంగప్పతో నానా రభస చేసి అతని వాటాకొచ్చిన అమ్మ రాగి గుండిగను పట్టుకొచ్చాడు. ఆ రోజు నుంచి వికారాబాదులో ఉన్న అన్నతో మాటల్లేవు.

1949లో పట్నంలో మిలిటరీ మిగులు సామాన్ల వేలంలో ఒక చిన్న పీపా విమానం పెట్రోలు కొన్నాడు. పీపాకు బయట కాస్త తుప్పు కనబడగానే మనసొప్పలేదు. కాశీ నుంచి తెచ్చిన గంగనీళ్లు రాగి చెంబులోనే కదా ఏళ్లకేళ్లు చెడకుండా ఉండేవి! అందుకని పెట్రోలును గుండిగలోకి వంచి, మూత చుట్టూ సబ్బు మెత్తి, గుడ్డ బిగించాడు. చూడవచ్చినవాళ్లందరికీ మీసం దువ్వుతూ చూపించాడు.

రెండేళ్లకు ఒకరోజు పక్కింటి కిష్టప్ప పరుగెత్తుకొచ్చాడు.

"మీ అన్నకు మస్తు సీరియస్ ఉందంట. నిన్నే అడుగుతుండు. ఇంకో గంటల రైలొస్తది, పా."

చంద్రప్ప ఉన్నపళంగా లేచాడు. అయినా పంతం పోతుందా?

"విమానం పెట్రోలు ఇంట్ల వెట్టుకొని రైలెందుకే? రైలు కంటె ముందుగాల్నే పోత."

ఖాళీ ట్యాంకులో గుండిగ వంచాడు. పెట్రోలు పసుపు రంగుకు తిరిగి, ఘాటు వాసన కొడుతోంది. పట్టించుకోలేదు. ధారూరు చేరకముందే లారీ దగ్గి దగ్గి ఆగిపోయింది. కార్బురేటరు విప్పితే లోపలంతా తుమ్మబంకలాంటి జిగురు. గోకుతూ ఉండగానే పక్క పట్టాల మీద రైలు వెళ్లిపోయింది. ఎడ్లబండి పట్టుకుని వికారాబాదు చేరేసరికి పొద్దుగూకింది. అన్న పోయాడు.

తర్వాత లారీ బాగుచేసిన హనుమంతు తల పట్టుకున్నాడు.

"రాగిల ఎవలన్న పోస్తరా? రాగి తాకితే గాలికి పెట్రోలు జల్ది ముదిరి బంకైతది. గా పీపాల్నే ఉంచితే ఏమయ్యేది కాదు."

చంద్రప్ప గుండిగను చింతపండుతో తోమితోమి తళతళలాడించి, వదిన ఇంద్రమ్మ వాకిట్లో పెట్టాడు. కళ్లెత్తి చూడలేకపోయాడు.

"అన్నది అన్నకే ఇస్తున్న వదినా."

ఆమె దాని వంక కూడా చూడలేదు.

"మీ అన్న గుండిగను అడగలే చంద్రప్పా. పానం పొయ్యేదాక తలుపు దిక్కు చూస్కుంట నిన్నడిగిండు."