మస్తాన్‌బీ చేతికి అంటిన దోషం

ఉప్పెన వచ్చి వెళ్లిన మరుసటి ఏడు. గుడివాడలో వరిచేలకు మందు కొట్టే స్ప్రేయర్లు తయారుచేసే షెడ్డులో నేను లేత్ మీద పనిచేసేవాణ్ణి. హేతువాద సభలకు వెళ్తానని మా యజమానికి నేనంటే వెటకారం.

స్ప్రేయర్లు బిగించేది మస్తాన్‌బీ. కొన్ని వెనక్కి వచ్చాయి. పంపు కొడితే మందు మొహాన చిమ్ముతోందని రైతులు గొడవచేశారు.

"మొగుడు పోయిన చెయ్యి. హస్తవాసి ఇంతకన్నా ఎలా ఉంటుంది? రేపట్నుంచి రావద్దమ్మా" అన్నాడు యజమాని.

ఆమె కళ్లు తుడుచుకుంది. నాకు ఒళ్లు మండింది.

"మీది మంచి చెయ్యే కదండీ. ఒకటి బిగించి చూపించండి" అన్నాను.

పంతానికి బిగించాడు. నీళ్లు పోసి పంపు కొట్టాడు. ఆ నీళ్లన్నీ ఎగిరి ఆయన మొహం మీదే పడ్డాయి. షెడ్డంతా గొల్లున నవ్వింది. నా ఉద్యోగమూ పోయిందనే అనుకున్నాను.

"ఇవాళ వర్జ్యం ఉందేమో" అని గొణిగాడాయన.

లోపలి వాల్వు బిళ్ల తీసి చూపించాను. చూడ్డానికి రెండువైపులా ఒకేలా ఉంటుంది, తిరగేసి పెట్టినా కూర్చుంటుంది, అప్పుడే మందు వెనక్కి చిమ్ముతుంది. దాని అంచున ఒకవైపు మాత్రమే, సగం మందం దాకా గాడి కోసి, గొట్టంలో అందుకు సరిపడా చిన్న మేకు దించాను. ఇక తిరగేస్తే పట్టదు. మస్తాన్‌బీ కళ్లు మూసుకుని బిగించినా ఒక్క చుక్క వెనక్కి రాలేదు.

"నీ చేతి దోషం పోయిందమ్మా!" అన్నాడు యజమాని.

"పోయింది బిళ్ల దోషమండీ" అందామె.

ఆనాటినుంచి ఎవరి చెయ్యైనా మంచిది కాదని వింటే, ఆ చేతికి ఏ వస్తువు ఇచ్చారో ముందు చూస్తాను.