బీచుపల్లి రేవులో పట్టుకున్న జొన్నలు

అది 1943 వానాకాలం. యుద్ధం ఎక్కడో దూరాన జరుగుతోంది గానీ గద్వాల బజారులో జొన్నలు దొరకడం లేదు. నేను అప్పుడు కంట్రోలు దుకాణంలో గుమాస్తాను. కంట్రోలు దుకాణమంటే సర్కారు కట్టిన ధరకే ధాన్యం అమ్మే చోటు. వ్యాపారులు ఇష్టమొచ్చినట్టు ధర పెంచకుండా, పేదల ఇళ్లలో రొట్టెకు కరువు రాకుండా చూడాలని పెట్టారు. ఉద్దేశం మంచిదే. కాని ధర పలక మీద రాసి తలుపు పక్కన వేలాడదీసినప్పటి నుంచీ, ఆ ధర గిట్టక వ్యాపారులు దాచేయడంతో, బజారులో గింజ కనబడటం మానేసింది.

ఆపైన ఇంకో ఉత్తర్వు వచ్చింది. పర్మిట్, అంటే సర్కారు రాసిచ్చిన అనుమతి, లేకుండా ఎవరూ ధాన్యం కృష్ణ దాటించకూడదు. బీచుపల్లి రేవులో నాకా, అంటే తనిఖీ చౌకీ, పెట్టారు. అక్కడ దొరికిన మూటలను సీజ్ చేసి, అంటే సర్కారు కింద జప్తు చేసి, మా దుకాణానికి పంపేవారు. మేం అమ్మేవాళ్లం.

ఒక రోజు పొద్దున్నే దుకాణం ముందు ఆడవాళ్లు వరుసగా కూర్చున్నారు. లోపల గింజల్లేవు. ఆ సంగతి వాళ్లకు ఎలా చెప్పాలా అని తలుపు వెనకే తచ్చాడుతున్నాను. ఇంతలో రేవు నుంచి బండి వచ్చింది. అందులో ఒకే ఒక్క మూట ఉంది. బండి వెనకే మోకాళ్ల దాకా బురదతో ఒక మనిషి నడిచి వచ్చింది. పేరు ఈరమ్మ. గద్వాల దగ్గరి పల్లె మనిషి, కూలి చేసుకుని బతుకుతుంది.

"అయ్యా, గది నా కూలి. అమ్మకుండ్రి," అంది.

వనపర్తి వైపు ఒక రైతు చేనులో కలుపు తీయడానికి పోయిందట. కూలి కింద ఆయన నేలలో గింజలు దాచిన పాతర తీసి జొన్నలు కొలిచిచ్చాడట. వాటిని నెత్తిన పెట్టుకుని రేవు దాటుతుంటే నాకా వాళ్లు పట్టుకున్నారు.

"ఇంట్ల ముసలి అత్త, పిల్లలున్నరు. నేనెప్పుడొస్తనా అని చూస్తుంటరు. కూలి గింజలకు పర్మిట్ ఏందయ్యా?"

మూటను లోపల పెట్టి తాళం వేసి, ఆమెను వెంటబెట్టుకుని, రేవు నాకాను కూడా చూసే మా పై అధికారి దగ్గరకు పోయాను. ఆయన కఠినుడేమీ కాదు. అంతా విని నుదురు రుద్దుకున్నాడు.

"రాములూ, నువ్వు జర ఆలోచించు. గీ మూట ఇడిస్తే రేపు సావుకార్లు తమ జొన్నలన్నీ కూలోళ్ల నెత్తి మీదనే పంపుతరు. ఎవరి మూట ఏదో నాకెట్ల తెలుస్తది? గింజలిచ్చిన రైతును వచ్చి చెప్పమను. అప్పటిదాంక మూట ముట్టకు."

ఆ మాటా కొట్టిపారేసేది కాదు. ఈరమ్మ మాత్రం నా మొహంలోకే చూస్తూ అడిగింది.

"నేను పోయొచ్చేదాంక అమ్మవు గద?"

"అమ్మను."

ఆమె అటునుంచి అటే రేవుకు పోయింది. ఆ సాయంత్రమే నది ఉబ్బింది. పుట్టి, అంటే తోలు కప్పిన గుండ్రటి బుట్ట, అదే అక్కడి పడవ. మరునాటికి పుట్టీలు ఆపేశారని తెలిసింది. ఈరమ్మ దాటిందా లేదా అన్నది ఎవరూ చెప్పలేకపోయారు. రేవు వైపు నుంచి వచ్చిన బండివాళ్లందరినీ అడిగాను. కూలి గింజల కోసం ఒక తల్లిని వరదలోకి పంపానేమోనని రాత్రి పూట కూడా బండి చప్పుడైతే బయటికి పోయి చూసేవాణ్ణి.

ఇటు దుకాణం ముందు జనం పెరిగారు. లోపల మూట ఉందని అందరికీ తెలుసు. ఒక రోజు తలుపు నెట్టారు. నేను గడపకు అడ్డంగా నిలబడ్డాను.

ముందున్నది లక్ష్మమ్మ. బట్ట నేసే సాలోళ్ల ఇంటి కోడలు, గట్టి మనిషి.

"ఆమె పిల్లలే పిల్లలా? మావి గావా? నిన్నటి సంది మా పొయ్యి ఎలగలే," అంది.

"నిజమే తల్లీ."

"గవి నిజంగ ఆమె కూలి గింజలేనా?"

"తెల్వదమ్మా. తెలిసేదాంక అమ్మనని మాటిచ్చిన."

లక్ష్మమ్మ తలుపు మీది చెయ్యి తీసింది. తర్వాత వెనక్కి తిరిగి అరిచింది. "నూకకుండ్రి! మా మగ్గం నూలు గూడ సర్కారోళ్లు గిట్లనే గుంజుకపోయిండ్రు. అడిగితే చెప్పెటోడే లేడు. గా మనిషి రానీ, చూద్దాం." అని గడప మీదే కూర్చుంది. తిట్టుకుంటూనే మిగతావాళ్లు వెనక్కి తగ్గారు.

నది తగ్గాక ఈరమ్మ వచ్చింది. వెంట గింజలిచ్చిన రైతు నాగిరెడ్డి. ఇద్దరినీ మా అధికారి దగ్గరకు తీసుకుపోయాను. ముసలాయన కోపంతో ఊగిపోతున్నాడు.

"కలుపు తీసింది, కొలిచిచ్చిన. నా గింజలు నేను కూలికిచ్చుకుంటే నడుమ నాకా ఏంది సాబ్? రేపటి సంది కలుపుకు ఎవరొస్తరు?"

అధికారి నా వైపు చూశాడు. నేను ఒక అడుగు ముందుకేసి చెప్పాను.

"హుజూర్, ఈ మూట గుంజుకుంటే ఈమె మల్ల మన దుకాణం ముందే నిలబడ్తది. మన కాడ గింజల్లేవు."

ఆయన కాగితం, కలం తీశాడు. ఈరమ్మ మూట ఇచ్చెయ్యమని నాతో చెప్పి, ఇకపై నెత్తి మీద మోసుకొచ్చే గింజలకు పర్మిట్ అడగవద్దని నాకాకు రాసి పంపాడు.

దుకాణానికి తిరిగొచ్చాక ఈరమ్మ మూట మూతి విప్పి, చెయ్యి పెట్టి చూసుకుని, మళ్లీ కట్టింది. "జర ఎత్తుర్రి," అంది. నేనూ లక్ష్మమ్మా చెరోవైపు పట్టి నెత్తికి ఎత్తాం. పిల్లలు గుర్తొచ్చారేమో, వెనక్కి చూడకుండా పోయింది.

అధికారి భయపడ్డదీ జరిగింది. సావుకార్లు కూలీల నెత్తి మీద కొన్ని మూటలు దాటించారు. "చూసినవా?" అని నన్ను కోప్పడ్డాడు కూడా. కాని నాగిరెడ్డిలాంటి రైతులు జప్తు భయం లేకుండా కూలి గింజల్లోనే ఇవ్వసాగారు. నెత్తి మూటలతో బజారులో జొన్నలు కనబడ్డాయి. బయటి ధర కొంత దిగింది, మా దుకాణం ముందు వరుస కురచైంది.

తర్వాత చాలా ఏళ్లు ఆ పనిలోనే ఉన్నాను. ధరలు తగ్గించాలని ఎన్నో ఉత్తర్వులు నా చేతుల మీదుగా పోయాయి. వ్యాపారిని అదుపులో పెట్టాలనే అన్నీ రాసేవారు. అయితే రేవులో మొదట చిక్కేది వ్యాపారి కాదు, నడిచి వచ్చే మనిషి. ఏ ఉత్తర్వు చేతికొచ్చినా, దీనివల్ల ఎవరి ఇంట్లో పొయ్యి ఆరుతుందో ముందు కనుక్కోవడం నాకు అలవాటైంది.