మూడింటి బస్సెక్కిన మాటలు

సిస్టర్ ఆగ్నెస్ ఇంకా నోరు తెరవనే లేదు. ఆమె ఏమన్నారో రాసిన కవరు మాత్రం మూడింటి బస్సు కండక్టరు చేతిలో పెట్టేశాను. సభ అయిదింటికి.

ఆ కవరు బరువు ఇన్నేళ్ళూ మోశాను. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. రాస్తుంటే అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. భయం అనుకోకండి. ఇన్నాళ్ళకు రాయగలుగుతున్నానన్న ఆత్రం.

డెబ్భైల నాటి మాట. హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల ఊళ్ళకు నేనొక దినపత్రిక విలేకరిని. ఫోన్ కలవడం గగనం. వార్త కవర్లో పెట్టి విజయవాడ బస్సులో వేస్తే, బస్టాండులో ఆఫీసు మనిషి అందుకునేవాడు. సాయంత్రం సభ మర్నాడు పేపర్లో రావాలంటే మధ్యాహ్నమే రాసి పంపాలి. అందరం అదే చేసేవాళ్ళం. ఒక్కటే జాగ్రత్త: ముందుగా రాసే వార్తలో ఎవరి నోటా చప్పిడి మాటలే పెట్టాలి. 'విద్య ఆవశ్యకతను వివరించారు.' అంతే. దాన్ని ఎవరూ కాదనరు.

ఆ రోజు నాకు చప్పిడి మాట రాయబుద్ధి కాలేదు.

ఎందుకు? సిస్టర్ ఆగ్నెస్‌ను చూస్తే నాకు అంత ఉద్వేగం కలిగేది మరి! కూలీల ఆడపిల్లలకు చర్చి పక్క తాటాకు పాకలో చదువు చెప్పేవారు. నాట్ల రోజుల్లో పిల్లలు రాకపోతే తానే చేలో దిగేవారు. తెల్లచీరకు మోకాళ్ళ దాకా బురద. నారుకట్టలు అందిస్తూ ఎక్కాలు అప్పజెప్పించుకునేవారు. నేను తెచ్చిచ్చే పాత పేపర్లే పెద్దపిల్లలకు వాచకం. ఏడాదిపాటు రైతుల ఇళ్ళ చుట్టూ తిరిగి, మధ్యాహ్నం నుంచి పిల్లల్ని బడికి వదిలేలా ఒప్పించారు. చివరికి రాఘవయ్యగారనే పెద్ద రైతు కాలవగట్టున బడి కట్టుకోవడానికి అయిదు సెంట్ల స్థలం ఇస్తానన్నారు. ఆ సంతోషంలో పెట్టిందే ఆ సభ. కాగితాలు మర్నాడు రాసుకోవాలి.

'ఆడపిల్లల్ని బడి మాన్పించి నాట్లకు దింపే రైతు వాళ్ళ బతుకుల్ని దోచుకుంటున్నట్టే: సిస్టర్ ఆగ్నెస్.'

ఆ వాక్యం నాది. రాయగానే ఒళ్ళు ఝల్లుమంది. ఆమె మనసులో ఉన్నదే కదా అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా, లేక చుట్టూ గీతలు గీసి, బాక్సు కట్టి కొట్టొచ్చినట్టు వేస్తారన్న ఆశా? రెండోదే ఎక్కువ.

సాయంత్రం ఆమె మైకు ముందు నిలబడి రైతులకు చేతులు జోడించారు. "మీరు పంపబట్టే వీళ్ళు నా దగ్గరున్నారండీ. ఇంకొక్క గంట ముందు పంపండి, చాలు" అన్నారు. అందరూ నవ్వుతూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కవరు అప్పటికి బెజవాడ చేరిపోయింది. పోస్టాఫీసుకు పరుగెత్తి, వార్త ఆపమని ఆఫీసుకు ట్రంకాల్‌కి ప్రయత్నించవచ్చు. ప్రయత్నించలేదు.

మర్నాడు పొద్దున టీకొట్టు దగ్గర పేపరు విప్పాను. బాక్సు! పెద్ద అక్షరాలు! గుండె దడదడలాడింది. అదే పేపరు పట్టుకుని రాఘవయ్యగారు పాక వైపు వెళుతున్నారు. వెనకే నడిచాను.

"ఎదురుగా దండాలు, పేపర్లో దొంగలమా? ఏమ్మా, ఇదేనా మీ మర్యాద?" అని అరిచారాయన. స్థలం లేదు, పిల్లలూ రారు అని చెప్పి, పేపరు అక్కడే పడేసి వెళ్ళిపోయారు.

నాట్లకు వెళ్ళేముందు తోటి పిల్లలతో అక్కడికొచ్చిన నాగమణి అనే పెద్దపిల్ల దాన్ని తీసి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. "మీరిట్టా అనలేదుగా సిస్టర్‌గారూ? మేమంతా అక్కడే ఉన్నాంగా!" అంది.

సిస్టర్ నా వైపు చూశారు. "మీరు రాసిందేనా బాబూ?"

"కాదండీ. ఆఫీసులో వార్తలు దిద్దే డెస్కులో ఎవరో మార్చేశారండీ."

"ఆయన పేరేంటి?"

"తెలీదండీ."

"పోనీలెండి. పేరు తెలీకపోయినా ప్రార్థన చెయ్యొచ్చు." కళ్ళల్లో చిన్న నవ్వు. ఆమెకు తెలిసిపోయింది.

"ఖండన రాసివ్వండి, వేయిస్తాను" అన్నాను.

"నేను అనలేదని రాస్తే, ఆ మాటలో నిజమే లేదని ఈ పిల్లలు అనుకుంటారు. వద్దులెండి."

నాకేమనిపించిందో తెలుసా? బతికిపోయాననిపించింది. ఇన్నేళ్ళూ నన్ను కొరికింది ఆ వాక్యం కన్నా ఆ క్షణమే.

ఆ ఏడు కోతలకు ముందే ఆమెను మరో జిల్లాకు మార్చారు. పాక మూతపడింది. ఆ బాక్సు చూసే నన్ను విజయవాడ ఆఫీసుకు తీసుకున్నారు. తర్వాత అదే డెస్కులో ఏళ్ళ తరబడి కూర్చున్నాను. 'జరగకముందు రాయకండయ్యా' అని కొత్తవాళ్ళకు చెప్పేవాణ్ణి. అలా ఎందుకంటున్నానో మాత్రం ఎన్నడూ చెప్పలేదు. ఆమె చివరిదాకా ఎక్కడో పిల్లలకు చదువు చెబుతూనే పోయారని విన్నాను. ఒక్క ఉత్తరమైనా రాయలేకపోయానా? రాయగలను. రాయలేదు.

ఆ మాట సిస్టర్ అనలేదు. నేనే కల్పించాను. డెస్కులో ఎవరూ ఒక్క అక్షరం ముట్టుకోలేదు. ఇదిగో, రాసేశాను! ఆ బాక్సు చూసిన పొద్దున లాగే గుండె కొట్టుకుంటోంది. క్షమించమని మిమ్మల్ని అడగను. అడగవలసిన మనిషి లేరు.

ఆ రోజు నాగమణి ఆ పేపరు మడిచి నా చేతికిచ్చి, నాట్లు వేస్తున్న చేల వైపు వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ పిల్ల ఇంకేమైనా చదివిందో లేదో నాకు తెలియదు.